సమస్యాపూరణం: ఏరు వంతెనెక్కి యేగె నేడు

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య ఆటవెలదిలో చివరి పాదం. ముందరి మూడు పాదాలు మీరు రాసి, దీనికి అర్థం కుదర్చాలి.

ఏరు వంతెనెక్కి యేగె నేడు

కందుకూరు, పామూరు, కనిగిరి వైపు పెద్ద రహదారి వదిలి పొలాల దారులు పట్టినవారికి ఇరుకు వంతెనలు కొత్త కావు. ఎడ్లబండి వెడల్పుకు కట్టినట్టు ఉంటాయి. మోకాలెత్తు పిట్టగోడ, దానికి అక్కడక్కడ లారీలు గీరిన గుర్తులు. ఒక బండి ఎక్కితే ఎదుటి బండి అవతలి గట్టునే ఆగాలి. ముందు లైటు వెలిగించినవాడిదే దారి. వంతెన ఏటిని దాటడం లోకసహజం. ఇక్కడ ఏరే వంతెన ఎక్కి వెళ్లిపోయింది. ఎందుకో, ఎలాగో మీరే చెప్పాలి.

కొత్తవారికి ఒక మాట. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం, కూడా చెల్లుతుంది. పాదానికి ఇంత అని గడియారం పెట్టను, తీరిగ్గా రాయండి.

ఉదయగిరి నుంచి:

తెల్లవారకుండ తెగెనంట చెరువని
చెప్పి రేటి యొడ్డు చేల వారు;
వరుసగట్టి నిలిచె బస్సులు లారీలు;
ఏరు వంతెనెక్కి యేగె నేడు

పొదిలి నుంచి:

బాగుంది గానీ మూడో పాదంలో ‘వ’కు ‘బ’తో యతి కుదురుతుందా?

నిర్వాహకుడు:

కుదురుతుంది. ప, ఫ, బ, భ, వ ఒక జట్టు. ఆ పాదంలో తప్పు లేదు, పైగా పద్యంలో కంటికి కనిపించే పాదం అదే.

నాకున్న అసంతృప్తి వేరు. మన జిల్లాల్లో ఏరు చప్టా ఎక్కడం వింత కాదు. కార్తికంలో అల్పపీడనం పట్టిందంటే ఏ వాగైనా ఎక్కుతుంది. 2021 నవంబరులో పెన్న వరదకు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే తెగింది. అంటే మీరు చెప్పింది నిజం, వార్త కూడా. కానీ సమస్యలో ముడి ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది. ఏరు ఏరుగానే మిగిలింది, వంతెన వంతెనగానే మిగిలింది. చెరువు తెగిందని కారణం ముందే చెప్పడం మాత్రం కథ తెలిసినవాడి పని.

కందుకూరు నుంచి:

కొమ్ములందు రంగు కుచ్చుల తోడను
కోడె లడుగు వేసె కుదురుగాను;
జ్యేష్ఠ పున్నమి కద! చేలకు పండుగ;
ఏరు వంతెనెక్కి యేగె నేడు

నిర్వాహకుడు:

శభాష్! ఏరువాకలో ఉన్న ఏరు ఇది. ఎడ్లు పూన్చిన నాగలి. దాన్ని పట్టుకొస్తారో లేదో అని ఎదురుచూస్తున్నాను. అర్థం తిప్పినట్టు ఎక్కడా చెప్పకుండా కోడెలను ముందు నడిపించి, నాగలిని వెనక లాగించారు. ‘నేడు’ కూడా ఊరికే పడలేదు, ఏడాదికి ఒక్క రోజే ఆ పున్నమి.

ఆత్మకూరు నుంచి:

అయ్యా, నాదొక అభ్యంతరం. మనకు పెద్ద వానలు ఈశాన్య ఋతుపవనాలవి. అక్టోబరు దాటితే గానీ చెరువులు నిండవు. జ్యేష్ఠంలో నేల గట్టిగా ఉంటే ఏరు కట్టేదెవరు?

కందుకూరు నుంచి:

పండుగకు పదును కావాలా ఏమిటి? కాడికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు సాళ్లు వేసి ఇంటికి వస్తారు. అసలు దుక్కి తర్వాతి సంగతి. పద్యంలో నేను దున్నానని చెప్పలేదు, ఏరు వంతెన ఎక్కిందనే చెప్పాను.

నిర్వాహకుడు:

జవాబు పద్యమంత గట్టిగా ఉంది. మూడో పాదంలో ‘చేలకు పండుగ’ మాత్రం చప్పగా ఉంది. పున్నమి అన్నాక పండుగ అని మళ్లీ చెప్పాలా? అక్కడ కాడినో, పగ్గాన్నో పెట్టవలసింది.

ఆత్మకూరు నుంచి:

అభ్యంతరం చెప్పినవాడు పూరణ కూడా ఇవ్వాలి కదా.

కాల్వ గట్టి నీరు కండలేరుకు పంప
కదలె కృష్ణవేణి కన్నె వోలె;
క్రింద వేరె యేరు కెరలుచు పారెను;
ఏరు వంతెనెక్కి యేగె నేడు

కాలువకు ఏరు అడ్డం వచ్చిన చోట తొట్టిలాంటి వంతెన కట్టి, నీటిని నీటి మీదుగా నడిపిస్తారు. దాన్ని ఊహించుకోండి.

కోవూరు నుంచి:

ఊహ మంచిదే. కృష్ణవేణి మాత్రం సగమే నిజం అన్నయ్యా. మద్రాసుకు తాగునీరు పంపే తెలుగుగంగలో కృష్ణ నీరు శ్రీశైలం నుంచి వెలుగోడు, బ్రహ్మంసాగర్ మీదుగా సోమశిలకు వస్తుంది. సోమశిల పెన్న మీద కట్టిన జలాశయం, 78 టీఎంసీలది. అక్కడ రెండూ కలిసిపోయాక కండలేరు జలాశయానికి వెళ్లే నీటిలో ఏది కృష్ణ, ఏది పెన్న? మద్రాసువాళ్లు కృష్ణ అనే తాగుతారు, అది వేరే సంగతి.

నిర్వాహకుడు:

నీటి లెక్క అమ్మాయి చెప్పింది, పద్యం లెక్క నేను చెబుతాను. ‘కన్నె వోలె’ గణాలు నింపడానికి వచ్చిన మాట. నది కన్నెలా కదలడం ఎన్ని పద్యాల్లో చూశాం! ఇక మూడో పాదం ఈ పూరణకు ప్రాణం. కింద ఏరు, పైన ఏరు ఒకేసారి కనిపించాయి. కాలువ నీరు నెలల తరబడి అలాగే పారుతుంది కాబట్టి ‘నేడు’కు పని లేకుండా పోయింది. అదొక్కటే లోటు.

పొదిలి నుంచి:

మాస్టారూ, నాకిది తొలి పూరణ. మొన్న కనిగిరి వైపు పల్లె దారిలో బండి మీద వెళ్తుంటే జరిగినదే రాశాను. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

ఎదుట ట్యాంక రొచ్చె నిరుకు వంతెనపైన
వెనుకకు జరిగితిని బెదరి నేను
పల్లె గొంతు తడుప పోవుచున్నది కద
ఏరు వంతెనెక్కి యేగె నేడు

నిర్వాహకుడు:

మొహమాటం నాకు అలవాటు లేదు. ‘ఒచ్చె’ అనకూడదు. నోట పలకవచ్చు, పద్యంలో వద్దు. మూడో పాదంలో యతి తప్పింది. ‘ప’కు ‘పో’ హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. అ, ఆ, ఐ, ఔ ఒక గుంపు. ఉ, ఊ, ఒ, ఓ వేరే గుంపు. రెండూ కుదిరితేనే యతి. ఇలా మార్చి చూడండి:

ఎదుట నీటి బండి యిరుకు వంతెనపైన;
వెనుకకు జరిగితిని బెదరి నేను;
పల్లె గొంతు తడుప బయలుదేరిన దది;
ఏరు వంతెనెక్కి యేగె నేడు

ట్యాంకరు పోయి నీటి బండి రాగానే ముడి కూడా విడిపోయింది చూడండి. మీ పద్యంలో ట్యాంకరులో ఏముందో చివరి దాకా తెలియదు, పాలో, డీజిలో అనుకోవచ్చు. రెండో పాదం మీదే, అక్షరం ముట్టుకోలేదు. వరుసగా లఘువులే పడి, నిజంగా కంగారుగా వెనక్కి జరిగినట్టే ఉంది.

కనిగిరి నుంచి:

మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు. తాగడానికి ఎక్కడి నుంచో రావలసిందే. ఆయన వెనక్కి జరగడం న్యాయం కూడా. నిండు ట్యాంకరును ఇరుకు వంతెన మీద వెనక్కి నడపడం ఎవరి తరం?  బరువున్న బండికి ఖాళీ బండి దారి ఇవ్వాలి.

కోవూరు నుంచి:

నాది కూడా చూడండి.

రాత్రి వేళ నిసుక లారీల కెత్తిరి
పెన్న కడుపు తవ్వి పెరికి పెరికి;
ఏమి చెప్పుదాన నెవరైన నడిగిన?
ఏరు వంతెనెక్కి యేగె నేడు

ఉదయగిరి నుంచి:

అమ్మా, పెన్న మీద ఇరుకు వంతెన ఎక్కడుంది? నిర్వాహకులు చెప్పింది పొలాల దారిలోది కదా.

కోవూరు నుంచి:

ఇసుక లారీ వెలుతురున్న దారిన పోదండీ. తనిఖీ కేంద్రం తప్పించుకోవాలంటే పల్లె దారే పట్టాలి. ఆ దారిలో ఉండేది ఇరుకు వంతెనే. అర్ధరాత్రి దాటాక మా వీధిలో కిటికీలు అదురుతాయి.

నిర్వాహకుడు:

ముందు ఛందస్సు. మొదటి పాదంలో రా–లా చెల్లుతుంది. మూడో పాదంలో ఏ–ఎ స్వరయతి, సంధిలో దాగినా సరిగ్గా పడింది. ‘చెప్పుదాన’ అనడంతో మాట్లాడుతున్నది స్త్రీ అని తెలిసింది. నీళ్ల బిందెతో ఏటికి వెళ్లినామెకు ఎవరో ఎదురై అడిగినట్టు నాకు అనిపించింది. పద్యంలో బిందె లేదు, అయినా కనిపిస్తోంది.

ఇంకొక సంగతి. ఇసుక పోయినకొద్దీ ఏటి అడుగు దిగిపోతుంది. అప్పటిదాకా ఇసుకలో దాగిన స్తంభాల పునాదులు బయటపడతాయి. తర్వాతి వరద ఆ పునాదుల చుట్టూ సుడి తిరిగి ఇంకా లోతుగా కోస్తుంది. ఏ ఏరు వంతెన ఎక్కి పోయిందో, ఆ ఏరు లేకపోవడమే వంతెనను కూల్చుతుంది. ఈ మాట పూరణలో లేదు, ఉండనక్కరలేదు కూడా. సమస్య ఇచ్చిన నాకు మాత్రం ఆ వంతెన మళ్లీ మునుపటిలా కనిపించదు.

తిక్కన తిరిగిన ఒడ్డు గురించి ఇలాంటి పద్యం రాయవలసి రావడం మన ఖర్మ.

కందుకూరు నుంచి:

అయితే మొదటి స్థానం కోవూరుకేనా? ముడి విప్పింది మేము!

నిర్వాహకుడు:

విప్పారు, ఒప్పుకుంటాను. మీ విరుపు నేను దాచిపెట్టినదే, వెతికి పట్టుకున్నారు. ఆమె నేను పెట్టనిది తెచ్చింది. ఏరు అనే మాటకు వేరే అర్థం వెతకలేదు. ఏటినే లారీ ఎక్కించింది. అందుకే మొదటిది కోవూరు, రెండోది మీరు. మూడోది పొదిలికి, రెండో పాదం కోసం.

కందుకూరు నుంచి:

మాకు రెండో స్థానం అలవాటే. 1970లో నెల్లూరు జిల్లా నుంచి ఒంగోలు జిల్లాకు ఇచ్చారు, 2022లో మళ్లీ నెల్లూరుకు పంపారు. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది.

నిర్వాహకుడు:

మంచి మాట అన్నారు, వచ్చే వారం సమస్య మీ నోటి నుంచే వచ్చింది. ఈసారి తేటగీతి.

కాలు కదపక వంతెన గట్టుఁ జేరె

పొదిలి నుంచి:

వంతెన కాళ్లంటే స్తంభాలే కదా మాస్టారూ? అవి కదలవు, వంతెన మాత్రం రెండు గట్లనూ చేరుతుంది. ఇది తేలిక.

నిర్వాహకుడు:

తేలికని చెప్పేశారు కాబట్టి ఆ దారి మూసేస్తున్నాను. స్తంభాల పూరణలు తీసుకోను. ఆదివారం రాత్రి వరకు గడువు.