మూతబడిన కంప్యూటర్ బ్రాండ్ పేరుకు ధర ఎలా కట్టాలి?

మాది పర్లాకిమిడి. నాన్నగారు 2004లో ఒక పేరును ట్రేడ్‌మార్కుగా, కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్స్ వచ్చే తొమ్మిదో క్లాసు (వస్తువుల వర్గం) కింద రిజిస్టర్ చేయించి, ఆ పేరుతోనే కంప్యూటర్లు అసెంబుల్ చేసి రాయగడ, బరంపురం, ఇటు పాతపట్నం వరకు అమ్మేవారు. 2013లో ఆపేశాం, కానీ 2014లోనూ 2024లోనూ రెన్యువల్ చేయించాం. ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఒకాయన చార్జర్లు, కేబుళ్ల మీద వేసుకోవడానికి ఆ పేరు కావాలని లక్షన్నర ఇస్తానంటున్నారు, నెలాఖరులోగా చెప్పమన్నారు.

ఆడిటర్ గారిని అడిగితే, ఏటా వచ్చే అమ్మకాల్లో రాయల్టీ శాతం తీసుకుని లెక్కగట్టాలన్నారు. మా అమ్మకాలు పన్నెండేళ్లుగా సున్నా, ఆ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. రెన్యువల్ ఫీజులు కూడితే ఇరవై వేలు కూడా దాటడం లేదు. హెచ్‌పీ 2013లో వదిలేసిన కాంపాక్ అనే కంప్యూటర్ బ్రాండ్ పేరుతో తర్వాత మన దగ్గర టీవీలు వచ్చాయి కదా, దాంతో పోల్చి చూద్దామనుకున్నా, కానీ అది ప్రపంచమంతా తెలిసిన పేరు, మాది నాలుగు ఊళ్లది. పైగా ఐదేళ్లకు మించి వాడని మార్కును ఎవరైనా ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 47 కింద రిజిస్టర్ నుంచి తీయించేయమని అడగొచ్చు, నాకు అసలు టెన్షన్ అదే. నాన్నగారి కష్టం అందులో ఉంది, అయినకాడికి ఇచ్చేయడానికి మనసొప్పడం లేదు.

ఇలాంటి పేరు అమ్మిన, కొన్న అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: అమ్మకాలు లేని, ఇంకా రిజిస్ట్రేషన్ ఉన్న మార్కుకు దేన్ని ఆధారం చేసుకుని ధర అడగాలి?