ట్యూబ్ హెడ్‌ఫోన్ యాంప్: గుంయ్‌మని హమ్, అరగంటకి ఎడమ చెవి మూగబోతోంది

రాత్రి_రేడియో:
మా మేనమామ న్యూజెర్సీలో రిటైరై వచ్చేస్తూ సామాన్లతో పాటు ఒక ట్యూబ్ హెడ్‌ఫోన్ యాంప్ తెచ్చి నాకు అంటగట్టాడు. కంపెనీది కాదు, ఆయన ఆఫీసులో ఎవరో చేత్తో కట్టిందట, ముప్ఫై ఏళ్ల పైమాటే. లోపల రెండు ట్యూబులు (గాజు వాల్వులు): చిన్నది 12ఏయూ7, పెద్దది 6ఏఎస్7జీ. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేదు. 117 వోల్టుల సరుకు కాబట్టి మన 230ని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని పెట్టా. పాట మొదలైందా, ఘంటసాల పక్కన కూర్చుని పద్యం అందుకున్నట్టే ఉంటుంది. కానీ రెండు చెవుల్లోనూ గుంయ్‌మని హమ్, వాల్యూమ్ సున్నాకి తిప్పినా అంతే. పైగా అరగంట అయ్యేసరికి ఎడమ చెవి సన్నబడి సన్నబడి దాదాపు వినపడదు, ఆపేసి చల్లారాక పెడితే మళ్లీ మామూలే. నా డౌట్లు: కెపాసిటర్లు ఏవి మార్చాలి, ట్యూబులు ఎక్కడ దొరుకుతాయి, స్టెప్‌డౌన్ పీకేసి లోపలే 230 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించుకోవచ్చా, నా 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ దీనికి పనికొస్తుందా (ఇప్పుడు మా మేనమామదే 300 ఓమ్‌ల సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వాడుతున్నా). సోల్డరింగ్ వచ్చు, హై వోల్టేజ్ అంటే మాత్రం భయం.

కోఠీ_పోరడు:
ట్యూబుల ముచ్చట నన్నడుగన్నా. గుజరాతీ గల్లీల రెండు శనివారాలు తిరిగిన, ఈ జమానాల వాల్వులేంది భాయ్ అని నవ్విండ్రు అందరు. ఆఖరికి ఒక ముసలాయన మెట్ల కిందికెల్లి రేకు డబ్బా తీసి ఈసీసీ82 చేతిల పెట్టిండు, అదే మీ 12ఏయూ7, పేరే వేరు. పాత పేపర్ల చుట్టి ఉండె, సీల్ గూడ తియ్యలే!! పెద్దదానికి 6080 తీస్కో, 6ఏఎస్7జీ సాకెట్ల సూటిగ కూసుంటది. ఆన్‌లైన్ల 6హెచ్13సీ అని రష్యా మాల్ కనిపిస్తే భయపడకు, అది రష్యన్ లిపి, అసలు చదువుడు 6ఎన్13ఎస్, అది గూడ నడుస్తది.

డల్లాస్_సుబ్బు:
ముందు కప్లింగ్ కెపాసిటర్లు (ఒక దశ నుంచి ఇంకో దశకి పాటని దాటించేవి) పీకి అవతల పడేయండి. నేను నా యాంప్‌లో మామూలు ఫిల్మ్‌వి తీసేసి ఆయిల్‌లో ముంచిన కాగితం రకం పెట్టా, ఒక్కోటి 40 డాలర్లు, వీణ తీగ మీద వేలు జారడం కూడా వినపడుతుంది ఇప్పుడు. మా ఆవిడ కూడా తేడా తెలుస్తోంది అంది. 20 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నా, నా మాట నమ్మండి.

ఓమ్స్_లా:
సుబ్బు గారూ, ఆయన హమ్ అంటుంటే మీరు వీణ అంటారేంటండీ.

రేడియో తమ్ముడూ, ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ వేసి హెడ్‌ఫోన్ కప్పు మైకుకి ఆనించి చూడు. 100 హెర్ట్జ్ దగ్గర గీత లేస్తే ఫిల్టర్ కెపాసిటర్లు (కరెంటులో అలల్ని చదును చేసేవి) ఎండిపోయాయని, మన 50 సైకిళ్ల కరెంటు రెక్టిఫై అయితే, అంటే డీసీగా మారితే, వచ్చేది 100 కదా. 50 దగ్గర లేస్తే హీటర్ (ట్యూబ్‌ని లోపల వేడిచేసే తీగ) వైరింగో గ్రౌండ్ గొడవో. ఇది తెలుసుకోకుండా ఏదీ కొనకు. ప్లగ్ పీకాక కూడా ఆ కెపాసిటర్లలో చార్జి మిగిలే ఉంటుంది, 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్ పెట్టి సున్నాకి దగ్గరపడిందని చూశాకే లోపల చెయ్యి పెట్టు. కొత్తవి పెట్టాక మొదటిసారి 60 వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో పెట్టి ఆన్ చెయ్యి, బల్బు పూర్తిగా వెలిగి అలాగే ఉండిపోయిందంటే లోపల షార్ట్.

బెజవాడ_బేస్:
ఇంత రాద్ధాంతం ఎందుకండీ. స్టెప్‌డౌన్ ప్లగ్‌కి ఎర్త్ పిన్ ఉంటుంది కదా, దాని మీద ఇన్సులేషన్ టేప్ చుట్టేయండి, హమ్ ఠక్కున ఆగిపోతుంది. నా యాంప్‌కి అదే చేశా, మూడేళ్లయింది.

ఓమ్స్_లా:
దయచేసి ఆ పోస్టు తీసేయండి. ఎవడో కుర్రాడు చదివి నిజంగానే చేస్తాడు.

బెజవాడ_బేస్:
ఎందుకు తియ్యాలండీ? మా పాతింట్లో అసలు ఎర్త్ వైరే లేదు. గ్రైండర్, ఫ్రిజ్, టీవీ అన్నీ నడిచాయి. ఎవరం పోలేదు.

ఓమ్స్_లా:
గ్రైండర్‌ని ఎవరూ తలకి తగిలించుకోరు సార్! రెండు చెవుల మీద పెట్టుకుని, చేత్తో ఇనప డబ్బా ముట్టుకుని కూర్చునే వస్తువు ఇది. లోపల 150, 200 వోల్టుల డీసీ ఉంటుంది. చాసిస్‌కి, అంటే ఆ డబ్బాకి, కరెంటు తగిలితే ఎర్త్ ఉంటే ఫ్యూజ్ పోతుంది, లేకపోతే మీరు పోతారు.

వాల్వు_మామ:
అబ్బాయిలూ, నేను 1968 నుంచి రేడియోలు విప్పుతున్నవాణ్ని, మధ్యలో వస్తున్నానని అనుకోవద్దు. పాత అమెరికా సెట్లలో రెండు పిన్నుల ప్లగ్గే. మెయిన్స్ నుంచి చాసిస్‌కి ఒక చిన్న కెపాసిటర్ వేసేవాళ్లు, రేడియో గరగర తగ్గడానికి. అది ముసలిదై లీకయిందంటే డబ్బా మొత్తం లైవ్. రాజమండ్రిలో ఒకాయన రేడియోగ్రాం ముట్టుకుంటే వేలు చివర సూదులు గుచ్చినట్టుందని తెచ్చాడు, చూస్తే అదే. ఇంకోటి, బజార్లో అమ్మే స్టెప్‌డౌన్‌లు చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లే, వైండింగ్ ఒక్కటే, వోల్టు తగ్గుతుంది కానీ మెయిన్స్ నుంచి వేరుపడదు. దాన్ని నమ్ముకుని ఎర్త్ తీసేస్తే ఇక ఏం చెప్పను.

బెజవాడ_బేస్:
మామగారూ మీరంటే గౌరవం. కానీ ఇక్కడ కొందరు ఇంజనీరింగ్ చదివామని ఊరికే భయపెడుతున్నారు. నా హమ్ పోయిందా లేదా? పోయింది. అంతే.

ఓమ్స్_లా:
మీ హమ్ గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలిసి చుట్టు కట్టడం), మీ లాప్‌టాప్ చార్జర్ వల్ల వచ్చి ఉంటుంది. చార్జర్ పీకి బ్యాటరీ మీద వినుంటే ఎర్త్ జోలికి పోకుండానే పోయేది. రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

బెజవాడ_బేస్:
నా లాప్‌టాప్ గురించి మీకు కలొచ్చిందా?

నిద్రలేని_రాత్రులు:
ఇద్దరూ కొంచెం చల్లబడండి ప్లీజ్. రేడియో బ్రో, ఎడమ కుడి ట్యూబులు అటూ ఇటూ మార్చి చూడు, ప్రాబ్లం ట్యూబుతో పాటు కుడికి వెళ్తే ట్యూబ్ పోయినట్టు.

కోఠీ_పోరడు:
ఉన్నదే ఒక్కొక్కటి కదనే! ఒకే సీసాల రెండు సగాలు, ఒకటి ఎడమకి ఒకటి కుడికి. సీసాని నడిమిట్ల కోస్తవా 😂

నిద్రలేని_రాత్రులు:
సారీ, నా యాంప్‌లో రెండేసి ఉంటాయి, ఆ లెక్కలో చెప్పా. సరే, 32 ఓమ్‌ల సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తా. చివర్లో హెడ్‌ఫోన్‌కి ముందు ఉన్న కెపాసిటర్ ఎంతో చూడు. 100 మైక్రోఫారడ్ అనుకో, 300 ఓమ్‌లకి బేస్ 5 హెర్ట్జ్ దాకా దిగుతుంది, అదే 32 ఓమ్‌లు పెడితే 50 దగ్గరే తెగడం మొదలు. డప్పు వాయిస్తే అట్టపెట్టె కొట్టినట్టుంటుంది. దీనికి తోడు ఔట్‌పుట్ ఇంపిడెన్స్ (యాంప్ సొంత అడ్డు) ఎక్కువ. ఆ హెడ్‌ఫోన్‌ని ఫోన్‌కే ఉంచుకో. నేను మొండిగా పెట్టి నెల రోజులు ట్యూబులదే తప్పనుకున్నా.

డల్లాస్_సుబ్బు:
అందుకే నేను చివర్లో కూడా ఫిల్మ్ కెపాసిటర్లు పెట్టా, అరచేతి వెడల్పున్నాయి, మూత పట్టలేదు.

వాల్వు_మామ:
బాబూ రేడియో, అరగంటకి పోయి చల్లారితే వచ్చేదానికి ట్యూబ్‌ని అనుమానించే ముందు సోల్డర్ జాయింట్ చూడు. 6ఏఎస్7జీ హీటర్ ఒక్కటే 6.3 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు తాగుతుంది, అంటే పదిహేను వాట్లకి పైనే, కుంపటి పెట్టినట్టు. ఆ వేడికి సాకెట్ కింద టాంకా (సోల్డర్) బీట తీస్తుంది. యాంప్ వెల్లకిలా పెట్టి, వెలుగుతుండగా, ఎండు చీపురుపుల్లతో ఒక్కో కాలూ మెల్లగా కదుపు. ఒక చెయ్యి జేబులోనే. కాళ్ల కింద చెక్కో చెప్పులో ఉండాలి.

ఓమ్స్_లా:
మామగారు చెప్పింది కరెక్ట్, కానీ భయమన్నావు కదా, పక్కన ఎవరినైనా ఉంచుకో, స్విచ్ దగ్గర.

రాత్రి_రేడియో:
ఆదివారం మా తమ్ముణ్ని స్విచ్ దగ్గర నిలబెట్టి పని మొదలుపెట్టా. యాప్‌లో 100 దగ్గర పెద్ద గీత, 50 దగ్గర చిన్నది. ఫిల్టర్లు 220 మైక్రోఫారడ్, 200 వోల్టులవి రెండు, ఒకదాని నెత్తి పొంగి కింద గోధుమ రంగు జిగురు కారి ఎండిపోయింది. మామగారు చెప్పినట్టు పుల్లతో కదుపుతుంటే 6ఏఎస్7జీ సాకెట్‌లో ఎడమ కాథోడ్ కాలు దగ్గర టప్ మంది, ఎడమ చెవి వచ్చేసింది, వదిలితే పోయింది!! భూతద్దం పెట్టి చూస్తే కాలు చుట్టూ జుట్టు మందాన గుండ్రటి బీట. పాత టాంకా పీల్చేసి కొత్తగా వేశా. ఫిల్టర్లు 250 వోల్టులు, 105 డిగ్రీలవి కోఠీలోనే దొరికాయి. సీరీస్ బల్బు ఒక్కసారి వెలిగి మసకబారేదాకా మా తమ్ముడు స్విచ్ మీద నుంచి వేలు తియ్యలేదు. ఇప్పుడు రెండు గంటలైంది, రెండు చెవులూ ఉన్నాయి. హమ్ పోయింది, ఎక్కడో సన్నగా మిగిలితే లాప్‌టాప్ చార్జర్ పీకా, అదీ పోయింది. ఎర్త్ పిన్ ముట్టుకోలేదు.

ఓమ్స్_లా:
😊

బెజవాడ_బేస్:
అంటే గ్రౌండ్ లూపే కదా, నేను మొదట్నుంచీ అంటున్నది అదేగా.

కోఠీ_పోరడు:
గీయన మారడు 😂 మామా, మీ కాడ 6080 ఏమన్నా మిగిలినయా, బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) మాల్ అయినా పర్వాలే.

వాల్వు_మామ:
6080 లేదు నాయనా. బీఈఎల్ వాళ్లు 1961 నుంచి బెంగళూరులో రేడియో వాల్వులు చేశారు, నా దగ్గర ఇంకో అట్టపెట్టె నిండా ఉన్నాయి గానీ అవన్నీ రేడియోలవి. అమ్మను.

రాత్రి_రేడియో:
అందరికీ థ్యాంక్స్, మామగారికి డబుల్ థ్యాంక్స్. ఇంతకీ 230 ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఎవరూ చెప్పలేదు. స్టెప్‌డౌన్ సంగతి అటుంచితే, యాంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కూడా జుమ్మంటోంది, చెయ్యి పెడితే బాగా వేడి.

వాల్వు_మామ:
అది 60 సైకిళ్లకి చుట్టింది అయ్యుంటుంది. మన 50లో కోర్ మీద భారం ఎక్కువ, జుమ్మంటుంది, వేడెక్కుతుంది. కొత్తది చుట్టించుకో. పెద్దదానికి 2.5, చిన్నదానికి 0.3, కలిపితే 2.8, అంచేత హీటర్ వైండింగ్ 6.3 వోల్టులు, 4 ఆంపియర్లు అడుగు. ప్రైమరీ (కరెంటు వచ్చే వైపు చుట్టు) 230కి కాదు, 240కి చుట్టమను, మీ వీధిలో రాత్రి పూట ఎంత వస్తుందో ముందు మీటర్ పెట్టి చూసుకో.

రాత్రి_రేడియో:
ఇప్పుడే చూశా. 251.

డల్లాస్_సుబ్బు:
వోల్టేజ్ స్టెబిలైజర్లలో ఏది సౌండ్ బాగుంటుందో నేను ఓ పోస్టు పెడతా ఉండండి.

ఓమ్స్_లా:
వద్దండీ.