విదేశం వెళ్తే పేగుల్లో బ్యాక్టీరియా మారేది తిండి వల్లేనా?

గోదావరి_గట్టు:
డాలస్‌లో ఉండే మా అక్కతో మొదలైన వాదన ఇది. "ఇక్కడా పప్పన్నం, పెరుగే తింటున్నాం, మా పేగుల్లో బ్యాక్టీరియా ఎందుకు మారుతుంది?" అంటుంది. నేనూ ఆవిడ వైపే. 2010లో బుర్కినా ఫాసో పల్లె పిల్లల్ని, ఇటలీలోని ఫ్లోరెన్స్ పిల్లల్ని పోల్చారు. జొన్నలు, చిరుధాన్యాలు, అలసందలు తినే ఆఫ్రికా పిల్లల్లో పీచును విడగొట్టే ప్రెవోటెల్లా అనే బ్యాక్టీరియా దండిగా ఉంది. ఫ్లోరెన్స్ పిల్లల్లో దాదాపు లేదు. తిండే కదా తేడా?

సూక్ష్మదర్శిని:
గోదావరి గారూ, ఆ ఊళ్ల మధ్య తేడా తిండి ఒక్కటే కాదు. నీళ్లు, మట్టి, పశువులతో మసలడం, యాంటీబయాటిక్స్ వాడకం అన్నీ వేరే. ఊరు మారిన మనుషుల్ని చూస్తే కొంచెం తెలుస్తుంది. 2018లో థాయ్‌లాండ్ నుంచి అమెరికాలోని మిన్నెసోటాకి వచ్చిన మోంగ్, కరెన్ తెగల స్త్రీల మీద పరిశోధన వచ్చింది. దిగిన కొన్ని నెలల్లోనే వాళ్లలో పాశ్చాత్య దేశాల వాళ్లకు ఎక్కువగా ఉండే బ్యాక్టీరాయిడిస్ పెరగడం, ప్రెవోటెల్లా తగ్గడం మొదలైంది. అమెరికాలో పుట్టిన తరంలో మొత్తం బ్యాక్టీరియా రకాలే ఇంకా తగ్గిపోయాయి. వాళ్ల తిండి వివరాలు కూడా తీసుకున్నారు. తిండిలో వచ్చిన మార్పు ఆ తేడాలో కొంత భాగానికే సరిపోయింది. మీ అక్కగారు పప్పన్నం మానకపోయినా మార్పు రావచ్చని నేననేది అందుకే.

పాలమూరు_పిల్ల:
జాతి సంగతేంటి మరి? ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకే ఊళ్లో ఉంటున్న డచ్, ఘనా, మొరాకో, టర్కీ, సురినామ్ మూలాల వాళ్లలో కూడా తేడాలు కనిపించాయి కదా.

సూక్ష్మదర్శిని:
కనిపించాయమ్మా. కానీ ఒక సముదాయం అంటే రక్తం మాత్రమే కాదు, వంటిల్లు, అలవాట్లు, ఇరుగుపొరుగు కూడా. ఇజ్రాయెల్‌లో వెయ్యిమందికి పైగా మనుషుల్ని చూస్తే, పూర్వీకులు ఎక్కడివాళ్లన్నదానికీ పేగు బ్యాక్టీరియాకూ చెప్పుకోదగ్గ సంబంధం దొరకలేదు.

చైనాలోని గ్వాంగ్‌డాంగ్ లెక్క నాకు ఇంకా ముఖ్యం. ఒకే రాష్ట్రం, 14 జిల్లాలు, సుమారు 7,000 మంది. అన్నిటికంటే బలంగా కనిపించింది మనిషి ఉండే చోటే. ఒక జిల్లా వాళ్ల బ్యాక్టీరియాను బట్టి జబ్బును పట్టే లెక్క తయారుచేస్తే, అది వేరే జిల్లాలో సరిగా పనిచేయలేదు. ఇక మన దగ్గర అమ్మే గట్ (పేగు బ్యాక్టీరియా) టెస్టుల్లో "మీకు ఇది తక్కువ, అది ఎక్కువ" అని ఎవరితో పోల్చి చెబుతున్నారో అడగాలి. 2022లో లెక్కేస్తే, ప్రపంచంలో బయటపెట్టిన మనుషుల బ్యాక్టీరియా నమూనాల్లో, ఏ దేశానివో తెలిసినవాటిలో 70 శాతానికి పైగా యూరప్, అమెరికా, కెనడాలవే. మన సంగతి చూస్తే, భోపాల్, కేరళ వాళ్లను పోల్చిన 2019 పరిశోధనలో ఉన్నది 110 మంది. ఇంత పెద్ద దేశానికి అలాంటివి చాలా కావాలి. ఈ మాట నేను కోపంతోనే అంటున్నా.

గోదావరి_గట్టు:
టెస్టుల విషయం ఒప్పుకుంటా. మిన్నెసోటా సంగతి మాత్రం ఒప్పుకోను. అక్కడ అడిగింది అంతకుముందు 24 గంటల్లో ఏం తిన్నారని. ఒక్కరోజు తిండితో ఏళ్ల అలవాటును కొలవలేం. కొలత పలచనైతే తిండి ప్రభావమూ తక్కువగానే కనిపిస్తుంది. పైగా అదే పప్పన్నమైనా అక్కడి బియ్యం, పాలు, పెరుగు తోడు ఇక్కడివి కావుగా?

సూక్ష్మదర్శిని:
ఆ అభ్యంతరం గట్టిదే. తేలాలంటే ఒక దారి ఉంది. ఏటా ఆగస్టులో హైదరాబాద్ నుంచి విమానం ఎక్కే విద్యార్థుల్లో కొందరి నమూనాలు బయల్దేరే ముందు తీసుకుని, ఏడాది పాటు తిండి వివరాలు వారం వారం రాయించి, మళ్లీ నమూనాలు తీయాలి. అక్కడ సొంతంగా వండుకునేవాళ్లు, బయట తినేవాళ్లు ఇద్దరూ దొరుకుతారు. మన విశ్వవిద్యాలయాల్లో ఎవరైనా పూనుకుంటే నేను నమూనా ఇస్తాను, మీ అక్కగారిని కూడా అడగండి.