మా అమ్మాయిని గైడ్స్‌లో చేర్పించడం మంచిదేనా?

ప్రశ్న: హన్మకొండ నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ సంవత్సరం ఆరో తరగతికి వచ్చింది. వాళ్ల బడిలో కొత్తగా భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ (మగపిల్లలు స్కౌట్లు, ఆడపిల్లలు గైడ్లు) యూనిట్ పెట్టి, ఇష్టమున్న పిల్లలు పేర్లు ఇవ్వవచ్చని చెప్పారు. ప్రతి శనివారం సాయంత్రం రెండు గంటలు తరగతి ఉంటుందట. దసరా సెలవుల తరువాత మూడు రాత్రుల శిబిరానికి కూడా తీసుకువెళతారట. అమ్మాయి చేరతానని పట్టుబట్టి కూర్చుంది.

మా వారికి ఇది అంతగా ఇష్టం లేదు. మన ఊళ్లో ఆరో తరగతి నుంచే పిల్లలను ఐఐటీ ఫౌండేషన్‌లో కూర్చోబెడుతున్నారనీ, ఆ రెండు గంటలు లెక్కలకు పెడితే రేపు పనికివస్తుందనీ ఆయన వాదన. మా అత్తమ్మ ఆడపిల్లను రాత్రిపూట బయట ఉంచడానికే ఒప్పుకోవడం లేదు. నేను చదువుకున్న బడిలో స్కౌట్స్ లేదు కాబట్టి దాని లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు. ఇది యూనిఫాం, కవాతు, సర్టిఫికెట్లతో ముగిసిపోయేదా, లేక పిల్లలకు నిజంగా ఏమైనా అబ్బుతుందా? దగ్గరుండి చూసినవారు చెబితే నిర్ణయం తీసుకోవడం సులువవుతుంది. రెండో తరగతి చదివే బాబు కూడా ఉన్నాడు, వాడికి కూడా ఇందులో చోటుంటుందా?

జవాబు: నర్సంపేట, విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, నేను సర్కారు బడిలో పనిచేసినంతకాలం స్కౌట్ మాస్టరుగా కూడా ఉన్నాను, కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

స్కౌటింగ్‌కు ప్రాణం ప్యాట్రోల్ పద్ధతి. ఆరుగురు నుంచి ఎనిమిది మంది పిల్లలను ఒక జట్టుగా చేసి, వాళ్లలోనే ఒకరిని నాయకుడిగా లేదా నాయకురాలిగా పెట్టి, పనులన్నీ వాళ్ల చేతికే ఇస్తారు. జట్టు నాయకులంతా కలిసి కూర్చునే సమావేశాన్ని కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. అందులో పెద్దవాళ్లు సలహా చెప్పేవరకే, నిర్ణయం పిల్లలదే. స్కౌటింగ్‌ను మొదలుపెట్టిన బేడెన్ పోవెల్ 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి శిబిరం పెట్టినప్పుడే బాలురను ఇలా చిన్న జట్లుగా విడదీశాడు. పన్నెండేళ్ల పిల్ల పదకొండేళ్ల పిల్లకు పని నేర్పడం, ఆ పని చెడిపోతే తానే జవాబు చెప్పడం మన తరగతి గదుల్లో దాదాపు ఎక్కడా జరగదు.

ఒక శిబిరం సంగతి చెబుతాను. మామిడి తోటలో డేరాలు వేసుకున్న రాత్రి వాన పడి, ఒక జట్టు పోగుచేసుకున్న కట్టెలన్నీ తడిసిపోయాయి. తెల్లవారి ఆ అమ్మాయిలు మూడు రాళ్ల పొయ్యి ముందు చాలాసేపు పొగతో కుస్తీ పట్టారు. నేను చూస్తూ ఊరుకున్నాను. కొంతసేపటికి జట్టు నాయకురాలు లావు కట్టెను కత్తితో చీల్చి చూసి, లోపలి భాగం పొడిగా ఉందని గమనించి, దాన్ని సన్నని పుల్లలుగా చెక్కించింది. అన్నం అడుగంటింది, తినేసరికి పొద్దు చాలా ఎక్కింది. కానీ ఆ సాయంత్రం ఎవరూ చెప్పకముందే వాళ్ల కట్టెల మీద టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి ఉంది. నేను పొద్దున్నే కల్పించుకుని పొయ్యి వెలిగించి ఉంటే ఆ టార్పాలిన్ గురించి వాళ్లకు తట్టేది కాదు.

లెక్కల విషయంలో మీ వారికి ఒక మాట. పాకాల చెరువు దిగువన వాగు ఒడ్డుకు తీసుకువెళ్లి, నీళ్లలో దిగకుండా వాగు వెడల్పు కనుక్కోమని పిల్లలను అడిగేవాణ్ణి. అవతలి ఒడ్డున ఒక చెట్టును గుర్తు పెట్టుకుని, దానికి సరిగ్గా ఎదురుగా ఇవతల ఒక కర్ర పాతాలి. ఒడ్డు వెంబడి ఇరవై అడుగులు నడిచి రెండో కర్ర పాతి, అదే దారిలో మరో ఇరవై అడుగులు వెళ్లాలి. అక్కడినుంచి ఒడ్డుకు అడ్డంగా, వాగుకు దూరంగా నేరుగా నడుస్తూ, వెనుదిరిగి చూస్తే రెండో కర్రా అవతలి చెట్టూ ఒకే వరుసలో కనబడినచోట ఆగాలి. అలా వాగుకు దూరంగా నడిచిన దూరమే వాగు వెడల్పు. సర్వసమాన త్రిభుజాలను నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీసినా అర్థం కాని పిల్లలకు అక్కడ అర్థమైంది. శనివారం రెండు గంటలతో చదువు దెబ్బతిన్న పిల్లలను నేను చూడలేదు.

ఇది తెల్లవాళ్ల కాలం నాటి పద్ధతి కదా అని కొందరు అంటుంటారు. మొదట్లో భారతీయ పిల్లలను ఇందులో చేర్చుకోలేదన్నది నిజమే. అందుకే మద్రాసులో అనీబిసెంట్, అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ వంటివారు మన పిల్లల కోసం వేరే సంఘాలు పెట్టారు. స్వాతంత్ర్యం తరువాత 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది, మరుసటి ఏడు గైడ్లు కూడా అందులో కలిశారు.

మీ బాబు వయసువాళ్లకు కబ్ విభాగం ఉంటుంది, ఆ వయసు ఆడపిల్లలను బుల్‌బుల్ అంటారు. అక్కడ ఎక్కువ భాగం ఆటలూ కథలే.

జవాబు: కాజీపేట నుంచి ఒక తండ్రి

పైన మాస్టారు గారు వర్ణించిన స్కౌటింగ్ దొరికితే ఎవరూ వద్దనరు. అది అన్నిచోట్లా దొరకడం లేదన్నదే నా బాధ. మా అబ్బాయి చదివిన ఒక బడిలో స్కౌట్స్ అంటే ఆగస్టు 15కూ, జనవరి 26కూ స్కార్ఫు కట్టుకుని ఎండలో నిలబడటం, వచ్చిన అతిథులకు పూలగుచ్ఛాలు అందించడం. ఏడాది గడిచినా వాడికి ఒక్క ముడి వేయడం రాలేదు. కానీ పరీక్ష పాసయినట్టు పుస్తకంలో సంతకం మాత్రం పడింది. ప్రవేశ్ నుంచి ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాల మీదుగా గవర్నరు ఇచ్చే రాజ్య పురస్కారం, ఆపైన రాష్ట్రపతి పురస్కారం దాకా చక్కని మెట్లున్నాయి. ఆ మెట్లను కాగితం మీదే ఎక్కించడం పిల్లలకు అబద్ధం నేర్పడంతో సమానమని నా అభిప్రాయం.

మా రైల్వే కాలనీ వైపు ఇంకొకటి చూస్తున్నాను. పురస్కారాలు పొందినవారికి రైల్వే ఉద్యోగాల్లో ప్రత్యేక కోటా ఉంది కాబట్టి, ఆ ఒక్క ఆశతోనే పిల్లలను తోసే తల్లిదండ్రులున్నారు. పదేళ్ల పిల్ల నెత్తిన ఆ బరువు పెట్టకండి. ఫీజు కట్టేముందు ఒక మామూలు శనివారం, ముందుగా చెప్పకుండా వెళ్లి చూడండి. పిల్లల చేతుల్లో తాళ్లున్నాయా, లేక వాళ్లంతా వరుసల్లో నిలబడి ఉపన్యాసం వింటున్నారా అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. శిక్షణ పొందిన గైడ్ కెప్టెన్ (గైడ్లను నడిపే పెద్దావిడ) ఉన్నారా, లేక డ్రిల్ టీచరుకే ఈ పని కూడా అప్పగించారా అని సూటిగా అడగండి.

జవాబు: ములుగు, స్టాఫ్ నర్సు

అక్కా, నేను హైస్కూల్లో గైడ్‌గా ఉన్నాను, కాబట్టి మీ అత్తమ్మ గారి భయం గురించి మాట్లాడతాను. ఆ భయాన్ని తీసిపారేయకండి. అమెరికాలో బాయ్ స్కౌట్స్ సంస్థ మీద లైంగిక వేధింపుల ఆరోపణలు వేలల్లో వచ్చి, ఆ సంస్థ 2020లో దివాలా పిటిషన్ వేయవలసి వచ్చింది. పిల్లలు ఇల్లు విడిచి పెద్దవాళ్ల చేతుల్లో ఉండేచోట జాగ్రత్త ఎంత అవసరమో అది చెబుతుంది. శిబిరంలో మహిళా గైడర్లు ఎందరుంటారు, ఏ పిల్లతోనైనా ఒక్క పెద్దమనిషి ఒంటరిగా ఉండకుండా ఏ ఏర్పాటు చేశారు, మరుగుదొడ్లు ఎంత దూరం, రాత్రి కాపలా ఎవరిది, పిల్ల ఇంటికి ఫోన్ చేయాలంటే అడగగానే ఇస్తారా అని అడగండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే బడి అయితే శిబిరానికి పంపకండి. శాంతంగా జవాబు చెప్పి, కావాలంటే మీరూ ఒక పూట వచ్చి చూడండి అనే బడి అయితే నిశ్చింతగా పంపండి.

ఇక దీనివల్ల వచ్చేదేమిటంటే, 2023 జూలైలో మా ములుగు జిల్లాలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి వైపు మోరంచపల్లిలో జనాన్ని హెలికాప్టర్లతో కాపాడవలసి వచ్చింది. మా వీధిలో మోకాలి లోతు నీళ్లు పారుతుంటే, ఈ గేటు స్తంభం నుంచి ఆ గేటు స్తంభానికి తాడు కట్టి, దాన్ని పట్టుకుని ముసలివాళ్లను దాటించాం. నడుముకు కట్టిన తాడు లాగినకొద్దీ బిగుసుకుపోకూడదు, దానికి బౌలైన్ ముడి వేయాలి. బడిలో కళ్లు మూసుకుని వేయించిన ఆ ముడి ఇన్నేళ్ల తరువాత కూడా నా చేతులు మరచిపోలేదు. కట్టు కట్టడానికి వాడే రీఫ్ ముడి ఇప్పటికీ నా ఉద్యోగంలో పనికివస్తోంది. మొదట కుడి కొసను ఎడమ కొస మీదుగా, తరువాత ఎడమను కుడి మీదుగా వేస్తే ముడి చదునుగా నిలుస్తుంది, గాయానికి ఒత్తుకోదు. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే జారిపోతుంది.

మళ్లీ ప్రశ్న అడిగిన తల్లి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. వాగు వెడల్పు కొలిచే పద్ధతిని మా వారు కాగితం మీద గీసి చూసి, అమ్మాయితో కలిసి వడ్డేపల్లి చెరువు వైపు వెళ్లి ప్రయత్నిస్తామన్నారు. ఈ శనివారం నేను బడికి వెళ్లి చూస్తాను, శిబిరం గురించి మాత్రం గైడ్ కెప్టెన్‌తో మాట్లాడాకే నిర్ణయిస్తాం. మాస్టారు గారూ, ఒక సందేహం. ఉపాధ్యాయులు కాని తల్లులు కూడా ఇందులో పనిచేయవచ్చా?

జవాబు: నర్సంపేట, విశ్రాంత ఉపాధ్యాయుడు

తప్పకుండా చేయవచ్చమ్మా. ఉపాధ్యాయులే కావాలన్న నియమం లేదు. వారం రోజుల బేసిక్ కోర్సు ఉంటుంది, అక్కడ పెద్దవాళ్లు కూడా పిల్లల్లాగే జట్లుగా ఉండి, వండుకుని, ముడులు వేసి నేర్చుకుంటారు. ఆ తరువాత అడ్వాన్స్‌డ్ కోర్సు, ఆపైన హిమాలయ వుడ్ బ్యాడ్జ్ అనే పై మెట్టు శిక్షణ ఉన్నాయి. మీ బాబు వయసు పిల్లల విభాగానికి పెద్దవాళ్లు దొరకడం చాలా కష్టంగా ఉంది, బడివాళ్లతో మాట్లాడేటప్పుడు కబ్ విభాగానికి మీ పేరు ఇవ్వండి.