1998 మారుతి 800 ఎడమకు ఒరుగుతోంది: సస్పెన్షన్ భాగాలు తుక్కు దుకాణంలో కొనవచ్చా?

ప్రశ్న (ఖమ్మం నుంచి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1998లో కొన్న మారుతి 800 ఇప్పటికీ మా ఇంట్లో తిరుగుతోంది. ఇప్పటికి మూడుసార్లు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకున్నాం. ఇంజను బాగుంది. రెండు నెలల క్రితం వాననీళ్ళు నిండిన గుంత కనిపించక ఎడమ చక్రాలు గట్టిగా పడ్డాయి. అప్పటి నుంచి బండి ఎడమవైపు ఒరిగి నిలబడుతోంది. స్టీరింగ్ కాస్త వదిలితే ఎడమకే లాగుతోంది. ముందు ఎడమ టైరు లోపలి అంచు త్వరగా అరుగుతోంది.

మా మెకానిక్ ముందు స్ప్రింగు కుంగిందన్నారు. మా ఊరి దుకాణాల్లో కొత్తది దొరకలేదు. వేరే కారు స్ప్రింగు తెచ్చి, ఒక చుట్టు కోసి వేద్దామంటున్నారు. అది నాకు నచ్చలేదు. విజయవాడ ఆటోనగర్‌కు వచ్చి పాత బండ్లు విప్పే దుకాణాల్లో వెతకాలని ఉంది. ఏవి పాతవి కొనవచ్చు, ఏవి కొనకూడదు? మంచి భాగాన్ని గుర్తుపట్టడం ఎలా?

జవాబు (విజయవాడ)

బస్సు ఎక్కే ముందు ఇంట్లోనే రెండు కొలతలు తీయండి. ఏ భాగం చెడిందో తేలకుండా తుక్కు దుకాణానికి వెళ్తే, వాళ్ళ దగ్గర ఉన్నదే మీకు కావలసిందని చెప్పి పంపిస్తారు.

మొదటిది, టేపుతో ముందు చక్రం నడిమధ్య నుంచి వెనుక చక్రం నడిమధ్య వరకు రెండు వైపులా కొలవండి. స్టీరింగ్ నిటారుగా ఉండాలి, నేల సమతలంగా ఉండాలి. మారుతి 800కు ఈ దూరం 2175 మిల్లీమీటర్లు. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా మన టేపు పట్టులోనే వస్తుంది, దాన్ని పట్టించుకోవద్దు. ఎడమవైపు పది మిల్లీమీటర్లకు మించి తక్కువగా ఉంటే చక్రం వెనక్కి జరిగినట్టే. చక్రం వెనక్కి జరిగితే ఆ వైపు క్యాస్టర్ కోణం (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది, బండి అటే లాగుతుంది. ఇందులో స్ప్రింగు తప్పేమీ ఉండదు.

చక్రం ఎందుకు వెనక్కి జరుగుతుందో చెబుతాను. ఈ బండిలో స్టెబిలైజర్ రాడ్డుకు రెండు పనులు ఉన్నాయి. మలుపుల్లో బండి ఒరగకుండా ఆపడం ఒకటి. ముందు లోయర్ ఆర్మ్ (బాడీని చక్రంతో కింద కలిపే కడ్డీ) వెనక్కి పోకుండా పట్టి ఉంచడం రెండోది. చాలా కార్లలో ఆ పట్టు ఆర్మ్‌కే ఉంటుంది. 800లో ఆర్మ్ సన్నటి ఒంటి కడ్డీ, దాన్ని ముందు నుంచి పట్టుకునేది ఈ రాడ్డే. గుంతలో పడ్డప్పుడు ముందుగా వంగేది ఈ రాడ్డు గానీ ఆర్మ్ గానీ అవుతుంది.

రెండోది, ఒరుగుదల ముందు నుంచి వస్తోందా వెనుక నుంచి వస్తోందా తేల్చుకోవాలి. నాలుగు టైర్లలో గాలి సరిచూసి, వెనుక ఇరుసు సరిగ్గా మధ్యలో జాకీ పెట్టి, వెనుక చక్రాలు నేల నుంచి ఒక అంగుళం లేచేదాకా ఎత్తండి. అప్పుడు ముందు రెండు వైపులా చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు కొలవండి. రెండూ సమానమైతే ముందు స్ప్రింగులు బాగున్నట్టే, లోపం వెనుక ఉంది. అప్పటికీ ఒరిగే ఉంటే లోపం ముందే ఉంది. ఈ పరీక్షలో జాగ్రత్త చాలా అవసరం. 800కు హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలకు పడుతుంది కాబట్టి వాటిని లేపగానే బండికి ఆ పట్టు పోతుంది. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్ళు పెట్టి, గేరులో వేసి ఉంచండి. బండి కిందికి ఎవరూ దూరకూడదు, చెయ్యి కూడా పెట్టకూడదు.

స్ప్రింగు కోసే ఆలోచన మాత్రం మానుకోండి. చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగు బిరుసెక్కుతుంది. తీగ మందం చేసే తేడా అంతకన్నా ఎక్కువ. బిరుసుదనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. తీగ 10 మిల్లీమీటర్ల నుంచి 11 మిల్లీమీటర్లకు పెరిగితే, మిగతావన్నీ సమానంగా ఉన్నా బిరుసుదనం 46 శాతం పెరుగుతుంది. కంటికి ఒకేలా కనిపించే రెండు స్ప్రింగులు బండి కింద ఎంత వేరుగా పనిచేస్తాయో ఊహించుకోండి. ఒకవైపు ఒకటి, మరోవైపు మరొకటి ఉన్న బండి వానలో బ్రేకు వేస్తే ఎటు తిరుగుతుందో చెప్పలేం.

ప్రశ్న అడిగినవారు (ఖమ్మం)

కొలిచాను. కుడివైపు 2174, ఎడమవైపు 2158. వెనుక మధ్యలో ఎత్తగానే ముందు భాగం దాదాపు సమానంగా వచ్చింది. ఆ తర్వాత వెనుక ఎడమ చక్రం దగ్గర టార్చి వేసి చూస్తే స్ప్రింగు కింది చుట్టు విరిగి, ముక్క స్ప్రింగు కూర్చునే గిన్నెలోనే ఉండిపోయింది. రెండు నెలలు ముందు స్ప్రింగు గురించే ఆలోచించాను. ఇప్పుడేం కొనాలి?

జవాబు (విజయవాడ)

చాలా మంచి పని చేశారు. 16 మిల్లీమీటర్ల తేడా అంటే రాడ్డో ఆర్మో, లేదా రెండూ వంగాయి. విప్పినప్పుడు రాడ్డును బిగించే బ్రాకెట్లు, బాడీలో ఆ చోటు కూడా చూడండి.

నేను పాటించే పద్ధతి ఇది. గట్టి ఇనుము తుక్కులో కొంటాను, రబ్బరు, అరిగే కీళ్ళు కొత్తవి కొంటాను. బాల్ జాయింట్లు (ఆర్మ్‌ను చక్రంతో కలిపే గుండు కీళ్ళు), టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్ కడ్డీ కొసల కీళ్ళు), బుష్‌లు (కీళ్ళలోని రబ్బరు తొడుగులు), బేరింగులు, షాక్ అబ్జార్బర్లు ఎంత చవకగా ఇచ్చినా పాతవి తీసుకోను. పైకి బాగున్న షాక్ అబ్జార్బర్ లోపల సీలు ఎండిపోయి ఉంటుంది, బండికి బిగించి వారం నడిపితే గానీ నూనె కారడం కనిపించదు. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది, అందులో పొదుపు వద్దు. మీ బండికి లోయర్ ఆర్మ్ బాల్ జాయింటుతో కలిపి కొత్తదే కొనండి, రెండు వైపులా మార్చండి. తుక్కులో వెతకవలసినవి స్టెబిలైజర్ రాడ్డు, వెనుక స్ప్రింగుల జత. రాడ్డుకు అరుగుదల తక్కువ, వంగకపోతే చాలు.

రాడ్డును పరీక్షించడానికి జేబులో సుద్దముక్క పెట్టుకుని వెళ్ళండి. దుకాణం ముందు సిమెంటు నేల మీద రాడ్డు పెట్టి చుట్టూ గీత గీయండి. తర్వాత తిరగేసి అదే గీత మీద పెట్టండి. ఎడమ కుడి సమానంగా ఉండే వస్తువు కాబట్టి వంపు లేకపోతే గీతకు సరిపోతుంది. వంగి ఉంటే ఒక కొస బయటికి పోతుంది. కొసల్లోని మరలు చెడకుండా ఉన్నాయో నట్టు చేత్తో తిప్పి చూడండి. బుష్ పట్టే చోట తుప్పు తిని గాడి పడితే వదిలేయండి.

స్ప్రింగులు ఒకే బండివి రెండూ కావాలి. ఒక బండిది ఎడమ, మరో బండిది కుడి వద్దు. పక్కపక్కన నిలబెట్టి ఎత్తు చూడండి, చుట్లు లెక్కపెట్టండి, వెర్నియర్ కాలిపర్‌తో తీగ మందం రెండుమూడు చోట్ల కొలవండి. మీ బండి కుడివైపు స్ప్రింగు విరగలేదు కాబట్టి దాన్నే విప్పి వెంట తెచ్చుకుంటే అన్నిటికన్నా మంచిది. పైపూత లేచిపోయి లోపల గుంటలు పడిన తుప్పు కనిపిస్తే తీసుకోవద్దు, ఆ గుంటల దగ్గరే స్ప్రింగు విరుగుతుంది. మీది విరిగిన చోటు పరిశీలించండి, నేను చెప్పేది అక్కడే కనిపిస్తుంది.

జవాబు (గుంటూరు, వర్క్‌షాపు)

ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, విజయవాడ అన్నగారు చెప్పినవాటికి ఇంకొన్ని కలుపుతాను.

తుక్కు దుకాణాల్లో గ్యాస్ కట్టర్ వాడకం ఎక్కువ. నట్టు తుప్పు పట్టి రాకపోతే కోసి తీస్తారు. కోత ఎక్కడ పడిందో చూడండి. స్ప్రింగుకు గానీ రాడ్డుకు గానీ మంట తగిలితే ఉక్కు మెత్తబడుతుంది. ఇనుము మీద నీలం, ఊదా రంగు మచ్చలు కనిపిస్తే వేడి తగిలిందనే అర్థం. అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు.

కొత్తగా నల్ల రంగు వేసిన భాగాన్ని నేను అనుమానంగానే చూస్తాను. ఒకసారి పద్మిని కారుకు ఒక స్టీరింగ్ నకల్ (ముందు చక్రాన్ని మోసే ఇనుప భాగం) పాతది కొన్నాం, మెరిసిపోతూ ఉంది. షెడ్డుకు తెచ్చి రంగు గోకి, కిరసనాయిలు రాసి, పావుగంట ఆగి పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లాం. కాసేపటికి పొడి మీద వెంట్రుకలాంటి నల్ల గీత తేలింది. పగుల్లోకి దిగిన కిరసనాయిలు మళ్ళీ పైకి వచ్చి పొడిని తడిపింది. దాన్ని బిగించి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఆర్మ్, నకల్ లాంటి బరువు మోసే ఏ పాత భాగానికైనా ఈ పరీక్ష చేయండి. ఖర్చు పది రూపాయలు కూడా కాదు. వెల్డింగ్ అతుకు ఉన్న ఆర్మ్, నకల్ అసలు ముట్టుకోవద్దు.

బేరం విషయానికి వస్తే, ఆ రోజు తుక్కు ఇనుము కిలో ధర తెలుసుకుని వెళ్ళండి. దుకాణంవాళ్ళు పీసు లెక్కన అడుగుతారు. విప్పిన శ్రమకు, దాచి ఉంచినందుకు కొంత ఎక్కువ ఇవ్వడం న్యాయమే, కానీ కిలో ధర తెలిస్తే మీ మాటకు బలం ఉంటుంది. సరిపోకపోతే వెనక్కి తీసుకునే షరతు ముందే మాట్లాడుకోండి, బిల్లు మీద రాయించుకోండి.

బిల్లు లేకుండా మాత్రం కొనవద్దు. ఏ బండి నుంచి తీశారో అడగండి, కుదిరితే ఆ బండిని చూపించమనండి. దొంగ సొమ్మని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద కొన్నవారూ నేరస్థులే. 2021 కేంద్ర నిబంధనల కింద నమోదైన తుక్కు కేంద్రాలు కూడా వచ్చాయి. దగ్గరలో ఉంటే అక్కడా అడిగి చూడండి.

మరో ప్రశ్న (కాకినాడ నుంచి)

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నాది అంబాసిడర్. వెనుక కమాన్ కట్టలు (ఉక్కు పట్టీల స్ప్రింగులు) కుంగాయి. తుక్కులో జత దొరికింది. తీసుకోనా?

జవాబు (గుంటూరు, వర్క్‌షాపు)

తొందరపడవద్దండీ. మీ కట్టల్లో పట్టీలు విరగకుండా కేవలం కుంగి ఉంటే, కమాన్ కట్టలు చేసే షాపులో విప్పి, వంపు తిరిగి కొట్టించవచ్చు. విరిగిన పట్టీ ఒక్కటే మార్చవచ్చు. తుక్కులో దొరికే కట్టలు కూడా మీవాటి వయసువే, వాటికీ కుంగుదల ఉంటుంది.

కొనే తీరాలనుకుంటే పట్టీల సంఖ్య, వెడల్పు, మందం, రెండు కొసల కన్నుల మధ్య దూరం, మధ్య బోల్టు ఎక్కడ ఉందో కొలిచి మీవాటితో పోల్చండి. మధ్య బోల్టు స్థానం తేడా వస్తే ఇరుసు వంకరగా కూర్చుంటుంది. పట్టీల మధ్య వైరు బ్రష్‌తో శుభ్రం చేసి పగుళ్ళు చూడండి, ముఖ్యంగా మధ్య బోల్టు రంధ్రం చుట్టూ. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు, కట్ట కొసను పట్టే షాకిల్ పిన్నులు, బుష్‌లు తప్పకుండా కొత్తవే వేయండి. ఒకసారి సాగిన యూ బోల్టు రెండోసారి గట్టిగా పట్టదు.

ప్రశ్న అడిగినవారు (ఖమ్మం)

నిన్న వచ్చి వెళ్ళాను. నాలుగు దుకాణాలు తిరిగాను. మొదటి రాడ్డు సుద్ద గీత దాటి వేలెడంత బయటికి పోయింది. దుకాణం పెద్దాయన తానే నవ్వి పక్కన పడేశారు. మూడో చోట మంచిది దొరికింది. నాలుగో చోట వెనుక స్ప్రింగుల జత, బండి మీద నుంచి నా ఎదుటే విప్పి ఇచ్చారు. ఎత్తు, మందం, చుట్లు నేను తెచ్చిన పాతదానితో సరిపోయాయి. లోయర్ ఆర్మ్‌లు, బుష్‌లు కొత్తవి తీసుకున్నాను. బిల్లు ఇచ్చారు.

రేపు బిగిస్తాం. మెకానిక్‌కు కొలతలు చూపిస్తే ఆయనే ముందుకొచ్చి సరే అన్నారు. బిగించేటప్పుడు జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?

జవాబు (విజయవాడ)

సంతోషం. వెనుక స్ప్రింగులు తేలికే. బాడీని స్టాండ్ల మీద నిలిపి, ఇరుసు కింద జాకీ ఆనించి, షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు తీసి, ఇరుసును మెల్లగా దించితే స్ప్రింగు చేతికి వస్తుంది. ఇరుసు బరువు బ్రేకు గొట్టం మీద వేలాడకుండా చూసుకోండి. స్ప్రింగు కొస గిన్నెలోని మెట్టుకు సరిగ్గా ఆనాలి. విరిగిన పాత ముక్కను గిన్నెలో వదిలేయవద్దు.

ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) జోలికి వెళ్ళే అవసరం మీకు లేదు. ఎప్పుడైనా వెళ్తే, స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసర్ లేకుండా పై నట్టు విప్పనివ్వకండి. అలా విప్పగా స్ప్రింగు ఎగిరి షెడ్డు పైకప్పు రేకు చీల్చడం నేను కళ్ళారా చూశాను. మనిషి అక్కడ వంగి ఉంటే ప్రాణమే పోయేది.

ఆర్మ్ లోపలి బుష్ బోల్టు చక్రం గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించవద్దు. చాలామంది ఇక్కడే పొరబడతారు, కొత్త బుష్‌లు ఆరు నెలలకే చిరిగాయని దుకాణాన్ని నిందిస్తారు. వేలాడే స్థితిలో బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలి తిరిగి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండిపోతుంది. చేతి బిగువుతో ఉంచి, బండి నేల మీదికి దించి, ముందు భాగాన్ని నాలుగైదుసార్లు కిందికి ఊపి, బరువు చక్రాల మీద ఉండగా చివరి బిగువు ఇవ్వండి. స్టెబిలైజర్ రాడ్డు బ్రాకెట్లకూ ఇదే పద్ధతి. కొసల నట్టుకు స్ప్లిట్ పిన్ ఉంటే కొత్తది వేయండి.

తర్వాత టేపుతో రెండు వైపులా మళ్ళీ కొలవండి. సమానంగా వస్తేనే అలైన్‌మెంట్‌కు తీసుకెళ్ళండి. ఇంకా ఏడెనిమిది మిల్లీమీటర్ల తేడా ఉంటే బాడీలో బ్రాకెట్ పట్టే చోటు వంగినట్టు. అప్పుడు ఫోటోలు పెట్టండి, చూసి చెబుతాం.

ప్రశ్న అడిగినవారు (ఖమ్మం)

బిగించాం. కుడి 2175, ఎడమ 2173. బండి నిటారుగా నిలబడింది. స్టీరింగ్ మీద చెయ్యి తేలిగ్గా పెట్టి వైరా దాకా వెళ్ళి వచ్చాను, ఎటూ లాగలేదు. రేపు ఉదయం అలైన్‌మెంట్. నాన్నగారు వెనుక సీట్లో కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు, దిగాక మాత్రం బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు.