జానర్ పెయింటింగ్‌కి 'సాంఘికం' సరిపోతుందా?

ప్రశ్న: మామూలు జనం రోజువారీ బతుకును గీసే బొమ్మల్ని ఇంగ్లీషులో జానర్ పెయింటింగ్ అంటారు కదా, దాన్ని తెలుగులో ఏమనాలండీ? స్కాట్లాండ్ చిత్రకారుడు డేవిడ్ విల్కీ మీద వ్యాసం రాస్తున్నాను. 'జనజీవన చిత్రం' అని రాశాను గానీ అతికించినట్టుంది.

జవాబు: కొత్త మాట అక్కర్లేదండీ. మన నాటకాలవాళ్ళు, సినిమావాళ్ళు ఎప్పుడో పంచిపెట్టేశారు: పౌరాణికం, చారిత్రకం, జానపదం, సాంఘికం. విల్కీ పేరు తెచ్చుకున్నది సాంఘికంతోనే. 1785లో ఫైఫ్ ప్రాంతంలో చర్చి పాస్టరు ఇంట్లో పుట్టాడు. ఇరవై నిండకముందే పక్క ఊరు పిట్లెస్సీలో జరిగే సంతను గీశాడు. 1806లో 'పల్లెటూరి రాజకీయాలు' బొమ్మతో లండన్ అంతా ఆయన పేరే. 1815 నాటి బొమ్మ ఒకటుంది, కౌలు బాకీకి జప్తు. అమీనా దర్జాగా మంచం మీద కూర్చుని ఇంట్లో సామాన్ల జాబితా రాసుకుంటుంటాడు, రైతు తల పట్టుకుని బల్ల దగ్గర కూలబడి ఉంటాడు. దీన్ని సాంఘికం అనకపోతే ఇంకేమంటాం?

ఇంకొకరు: మరి ఆయన తర్వాతి బొమ్మలో? 1825లో ఆరోగ్యం దెబ్బతిని ఇటలీ, స్పెయిన్ తిరిగొచ్చాక దారి మార్చాడు. స్కాట్లాండ్ మతసంస్కర్త జాన్ నాక్స్ ప్రసంగం (1832), శ్రీరంగపట్నంలో టిపూ శవాన్ని కనుగొన్న బ్రిటిష్ జనరల్ బెయిర్డ్ (1839), ఇవన్నీ చరిత్రే కదా. పైగా 'సాంఘిక చిత్రం' అనగానే జనం పాత సినిమా అనుకుంటారు.

జవాబు: సినిమా అనుకుంటారన్నది నిజమే, 'సాంఘిక వర్ణచిత్రం' అంటే ఆ చిక్కు తీరుతుంది. మీరు చెప్పిన రెండూ చారిత్రకాలే, కాదనను. విల్కీ సాంఘికం వదిలి చారిత్రకం వైపు వెళ్ళాడని ఒక్క ముక్కలో చెప్పొచ్చు, అది ఈ మాటలు మనకిచ్చే వెసులుబాటు.

అసలు తేల్చాల్సింది 1822 నాటి బొమ్మ గురించి. విషయం నెపోలియన్‌ని ఓడించిన వాటర్లూ విజయం, గీయించుకున్నది ఆ యుద్ధం గెలిచిన సేనాని సాక్షాత్తు వెల్లింగ్టన్, ఇచ్చింది 1200 గినీలు. కానీ అందులో యుద్ధభూమి లేదు. లండన్ చెల్సీ వీధిలో ఒక ముసలి సిపాయి ఆ విజయవార్త అచ్చైన గెజెట్ చదువుతుంటాడు, పింఛను సిపాయిలు, ఆడవాళ్ళు, పిల్లలు చుట్టూ మూగి వింటుంటారు. లండన్‌లోని కళాసంస్థ రాయల్ అకాడమీ ప్రదర్శనలో దాన్ని చూడ్డానికి జనం ఎగబడితే అడ్డంగా కటకటాలు పెట్టాల్సి వచ్చింది. ఇది ముమ్మాటికీ సాంఘికమే. వ్యాసంలో అలాగే రాయండి. చారిత్రకం అని రాస్తే చదివేవాళ్ళు బొమ్మలో వెల్లింగ్టన్ కోసం వెతుకుతారు, ఆయన అందులో లేడు.