ఆక్సిజన్ మిషన్ పెట్టాక కరెంటు బిల్లు రెట్టింపైంది, అసలు తినేది ఏది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాన్నగారు ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో ఉండి, ఇంటికొచ్చి సరిగ్గా నెల. ఇంట్లో 5 లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గదిలో గాలి నుంచే ఆక్సిజన్ తీసిచ్చే మిషన్) పెట్టాం, నిమిషానికి 2 లీటర్ల మీద నడుస్తోంది. మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ రోజుకు మూడుసార్లు పెడతాం. ఎక్కువసేపు పడుకునే ఉంటారు కాబట్టి గాలిపంపుతో నడిచే ఎయిర్ బెడ్ కూడా తెచ్చాం.

ఈ నెల బిల్లు చూసి గుండె ఆగినంత పనైంది. పోయిన నెల 310 యూనిట్లు, ఇప్పుడు 640. ఏసీ ఎప్పుడూ వేసినట్టే రాత్రి ఎనిమిది గంటలు వేస్తున్నాం, అందులో మార్పు లేదు. నా అనుమానం ఎయిర్ బెడ్ మీద. రాత్రీ పగలూ గుయ్‌మంటూనే ఉంటుంది. అందుకే మూడు రోజులుగా రాత్రిపూట దాన్ని ఆపేస్తున్నాను. ఆక్సిజన్ కూడా 2 నుంచి 1కి తగ్గిస్తే కరెంటు కలిసొస్తుందా? నాన్నకు బిల్లు సంగతి చెప్పలేదు. తెలిస్తే మిషన్ తీసేయమంటారని టెన్షన్.

జవాబు (ఇంటికెళ్ళి రోగులను చూసే నర్సు)

అమ్మా, మిగతాది తర్వాత చదువుకుందువుగానీ, ముందు వెళ్ళి ఆ ఎయిర్ బెడ్ ఆన్ చేయి. అది కట్టేస్తే గాలి మారడం ఆగిపోతుంది, ఒంటి బరువంతా నడుము కిందా మడమల మీదా ఒకేచోట పడుతుంది. పడక పుండు పడటానికి ఎన్నో రోజులు అక్కర్లేదు, మానడానికి మాత్రం నెలలు పడుతుంది. ఈ పూటే నాన్నగారిని పక్కకు తిప్పి నడుము దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రగా ఉందేమో చూడు. వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే డాక్టరుకు చెప్పు.

ఆక్సిజన్ ఎంత మీద ఉండాలన్నది డాక్టరు రాసిన మందు లాంటిది. బిల్లు చూసి తగ్గించేది కాదు.

జవాబు (ఎలక్ట్రికల్ పని చేసే సభ్యుడు)

అక్కా, లెక్క చాలా చిన్నది. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. వాట్లను గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే సరి.

ఎయిర్ బెడ్ పంపు మామూలుగా 5 నుంచి 10 వాట్లు. 8 అనుకుని 24 గంటలూ నడిపినా నెలకు 6 యూనిట్లు దాటదు. మీరు నెలంతా రాత్రిపూట కట్టేసినా మిగిలేది రెండు మూడు యూనిట్లు. చప్పుడు చేసేదల్లా కరెంటు తినదు.

నెబ్యులైజర్ చూడటానికి గట్టిదే, 150 వాట్ల వరకు లాగుతుంది. కానీ పావుగంట చొప్పున మూడుసార్లంటే రోజుకు ముప్పావు గంట. నెలకు మూడున్నర యూనిట్లు కూడా లేదు.

ఇక కాన్సంట్రేటర్. 5 లీటర్లవి మోడల్‌ను బట్టి దాదాపు 280 నుంచి 400 వాట్లు. 350 అనుకుంటే రోజంతా నడిచినప్పుడు 8.4 యూనిట్లు, నెలకు 252. మీ దొంగ అక్కడున్నాడు. గీజరు 2000 వాట్లయినా అరగంటలో కట్టేస్తాం, దీన్ని ఎవరూ కట్టరు. బిల్లు పెంచేది వాట్లకన్నా గంటలే.

ఫ్లో తగ్గిస్తే కలిసొస్తుందా అన్నారు కదా, పెద్దగా రాదు. గదిలో గాలిలో ఆక్సిజన్ 21 శాతం. మిషన్‌లోని కంప్రెసర్ ఆ గాలిని జియోలైట్ గుళికల గుండా తోస్తుంది, అవి నైట్రోజన్‌ను పట్టుకుంటే 90 శాతం పైన ఆక్సిజన్ బయటికొస్తుంది. మీరు 1 పెట్టినా 5 పెట్టినా చాలా మోడళ్ళలో కంప్రెసర్ దాదాపు అదే పని చేస్తుంది.

అంచనాలు వదిలేసి మీరే కొలవండి. డిజిటల్ మీటర్ మీద ఎర్రగా మెరిసే చిన్న దీపం ఉంటుంది. పక్కనే 3200 అనో 1600 అనో అంకె, దాని వెంట ‘ఇంప్ పర్ కిలోవాట్ అవర్’ అని ఉంటుంది. అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అని అర్థం. మిగతావన్నీ కట్టేసి కాన్సంట్రేటర్ ఒక్కటే ఉంచి, నిమిషానికి ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టండి. దాన్ని 60తో గుణించి ఆ అంకెతో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. ఇంకోటి, మిషన్ ముందు భాగంలో గంటలు చూపించే చిన్న మీటర్ ఉంటుంది. తెచ్చిన రోజు ఎంతుందో ఎక్కడైనా రాసిపెట్టారా?

అడిగినవారు

ఎయిర్ బెడ్ వెంటనే ఆన్ చేశాను. చర్మం బాగానే ఉంది, ఎరుపు లేదు. తిట్టినందుకు థాంక్స్ అక్కా, అవసరమే.

తమ్ముడు ఫోన్ టార్చ్ పట్టుకుంటే నేను లెక్కపెట్టాను. మా మీటర్ 3200ది. మొదటిసారి 26 వచ్చింది. అనుమానమొచ్చి చూస్తే ఫ్రిజ్ నడుస్తోంది. అది కూడా ఆపాక 19. అంటే 0.356 కిలోవాట్లు, మీరన్న 350కి అటూ ఇటూగా వచ్చింది. నాన్న భోంచేస్తూ ట్యూబ్ తీసినప్పుడు మిషన్ ఆపి ఎయిర్ బెడ్ ఒక్కటే పెట్టి చూశాం. నిమిషం గడిచింది, మెరవలేదు. రెండో నిమిషమూ లేదు. దీపం పోయిందేమో అనుకుంటుండగా ఒక్కసారి మెరిసింది! ఆ పంపుని అనవసరంగా ఆడిపోసుకున్నాను.

గంటల మీటర్ సంగతి: అద్దెకిచ్చినతను రసీదు మీద 1206 అని రాసిచ్చాడు. ఇప్పుడు 1922 ఉంది. 716 గంటలు, అంటే 250 యూనిట్లు. ఎయిర్ బెడ్, నెబ్యులైజర్ కలిపితే 259. కానీ పెరిగింది 330 కదా. మిగతా 71 ఎక్కడ?

జవాబు (ఎలక్ట్రికల్ పని చేసే సభ్యుడు)

రసీదు మీద అంకె ఉండటం మీ అదృష్టం. అద్దె మిషన్ తెచ్చుకునే ప్రతివాళ్ళూ ఆ రోజే గంటల మీటర్‌ను ఒక ఫోటో తీసి పెట్టుకోవాలి.

71లో కొంత గీజరు అయ్యుంటుంది. పెద్దాయనకు ఒళ్ళు తుడవడానికీ దుప్పట్లు ఉతకడానికీ రోజూ అరగంట అదనంగా వేసినా నెలకు 30 యూనిట్లు. మనిషి మంచం పట్టాక మిషన్ల ఖర్చు కంటికి కనిపిస్తుంది, వేణ్ణీళ్ళది కనిపించదు.

ఏసీ గంటలు మారలేదన్నారు. ఏసీ పని మాత్రం మారింది. కాన్సంట్రేటర్ లాగే 350 వాట్లూ చివరికి వేడిగా మారి ఆ గదిలోనే తిరుగుతాయి. వెనకాల చెయ్యి పెట్టి చూడండి, సెగ తెలుస్తుంది. ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీ ఇంకో 115 వాట్ల దాకా తినొచ్చు. ఎనిమిది గంటల చొప్పున నెలకు 28 యూనిట్లు. ఒకే గదిలో ఒకటి వేడి చేస్తుంటే ఇంకొకటి చల్లబరుస్తోంది.

మిషన్‌ని పక్క గదిలో పెట్టి పొడుగు ట్యూబ్ వాడొచ్చు. ఎంత పొడుగు వరకు పనికొస్తుందో మాన్యువల్‌లో ఉంటుంది, అది దాటొద్దు. వంటగదివైపు మాత్రం వద్దు. గోడకు ఆనించకుండా జానెడు ఖాళీ వదలండి.

స్లాబుల లెక్క ఉన్నచోట ఇంకో దెబ్బ ఉంది. ఈ 250 యూనిట్లు మీ పాత వాడకం మీద ఎక్కి కూర్చుంటాయి కాబట్టి అన్నీ పై స్లాబు రేటులోనే పడతాయి. యూనిట్లు రెట్టింపైతే బిల్లు రెట్టింపుతో ఆగదు. అదే లెక్కన, తగ్గించే ప్రతి యూనిటూ ఖరీదైన వైపు నుంచే తగ్గుతుంది.

జవాబు (నర్సు)

నాదొక ప్రశ్న. నెలకు 720 గంటలుంటే మిషన్ 716 నడిచింది. డాక్టరు రోజుకు ఎన్ని గంటలు పెట్టమని రాశారు?

అడిగినవారు

ఇప్పుడే చీటీ తీసి చూశాను. 16 గంటలు అని ఉంది! మేము భోజనానికీ స్నానానికీ సాయంత్రం వరండాలో కూర్చున్నప్పుడూ ట్యూబ్ తీసి మంచం మీద పెడతాం, మిషన్ అలాగే తిరుగుతుంటుంది. మాటిమాటికీ ఆపితే పాడవుతుందని, ఆన్ చేసినప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుందని అమ్మ భయం.

జవాబు (నర్సు)

చాలా ఇళ్ళలో ఇదే చూస్తాను. ఇది బిల్లు కన్నా పెద్ద సంగతి. ట్యూబ్‌ని దుప్పటి మీద వదిలేస్తే ఆక్సిజన్ ఆ బట్టలోకి పడుతుంది, చిన్న నిప్పురవ్వ తగిలినా మామూలు కన్నా వేగంగా అంటుకుంటుంది. ట్యూబ్ తీశారంటే మిషన్ ఆపాల్సిందే. దీపం, అగరొత్తి, సిగరెట్ ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

ఆపే ముందు డాక్టరుతో ఒకసారి మాట్లాడు. ఆ 16 గంటలు ఏవో ఆయన చెప్పాలి, నిద్రపోయేటప్పుడు మాత్రం సాధారణంగా ఉండాల్సిందే. తిరిగి ఆన్ చేశాక ఆక్సిజన్ పూర్తి శాతానికి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కాబట్టి ముందే వేసి తర్వాత ముక్కుకు పెట్టండి. వారానికోసారి వెనకాల జాలీ ఫిల్టర్ తీసి కడిగి, బాగా ఆరాకే పెట్టండి. దుమ్ము పడితే మిషన్ వేడెక్కుతుంది, ఆక్సిజన్ శాతమూ పడిపోవచ్చు.

జవాబు (ఎలక్ట్రికల్ పని చేసే సభ్యుడు)

అమ్మగారికి చెప్పండి, ఆన్ చేసిన క్షణంలో ఎక్కువ లాగుతుంది నిజమే. ఆ క్షణం ఖర్చు మీటర్‌కి తెలియనంత చిన్నది. ఎనిమిది గంటలు ఆపితే రోజుకు 2.8 యూనిట్లు, నెలకు 84.

మరో సభ్యురాలు

మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. మా ఆయనకు గురకకు సీప్యాప్ (నిద్రలో మాస్కు గుండా గాలి ఊదే మిషన్) ఇచ్చారు. అడాప్టర్ మీద 24 వోల్టులు, 3.75 ఆంపియర్లు అని ఉంది, గుణిస్తే 90 వాట్లు. రాత్రంతా 90 లాగుతుందా?

జవాబు (ఎలక్ట్రికల్ పని చేసే సభ్యుడు)

లేదండీ. అది అడాప్టర్ ఇవ్వగలిగిన గరిష్ఠం. గాలి ఊదడానికి 30, 40 వాట్లు చాలు. నీళ్ళు వేడిచేసే హ్యుమిడిఫైయర్, వేడి ట్యూబ్ ఉంటే ఇంకాస్త. మొత్తం 70 వేసుకున్నా ఎనిమిది గంటలకు 0.56 యూనిట్, నెలకు 17. హ్యుమిడిఫైయర్ తీసేస్తే సగం దాకా తగ్గొచ్చు. కానీ ముక్కు ఎండిపోయి ఆయన మాస్కే తీసి పక్కన పడేస్తే ఆ పొదుపు ఎందుకు? హాయిగా వాడుకోనివ్వండి.

అడిగినవారు (పది రోజుల తర్వాత)

డాక్టరుగారితో మాట్లాడాం. రాత్రి నిద్రంతా, మధ్యాహ్నం కునుకు, నడిచాక కాసేపు తప్పనిసరి అన్నారు. పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తీయొచ్చట. అప్పుడు కూడా వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూస్తూ, ఆయన చెప్పిన అంకె కన్నా తగ్గితే మళ్ళీ పెట్టమన్నారు. మిషన్ హాల్లోకి మార్చాం, ట్యూబ్ గోడవారగా క్లిప్పులతో బిగించాం, లేకపోతే అమ్మ కాలికి తగులుతోంది.

రోజూ పొద్దున ఏడింటికి మీటర్ రీడింగ్ రాస్తున్నాను. ఇంతకుముందు రోజుకు సగటున 21 పడేది, ఇప్పుడు 17, 18 మధ్య ఉంటోంది. ఇంతకన్నా తగ్గదని అర్థమైంది, ఫర్వాలేదు.

ఇన్వర్టర్ గురించి ఒక్కటి చెప్పండి. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంది. కరెంటు పోతే మిషన్ ఎంతసేపు లాగుతుంది?

జవాబు (ఎలక్ట్రికల్ పని చేసే సభ్యుడు)

కాగితం మీద 1.8 యూనిట్లు. మధ్యలో పోయేది పోగా, పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి, చేతికొచ్చేది ఒకటీ, ఒకటింబావు యూనిట్. దీనొక్కదానికే వాడితే మూడు గంటలు. బ్యాటరీ పాతదైతే అదీ నమ్మొద్దు. కరెంటు ఉన్నప్పుడే ఒకసారి మెయిన్ కట్టేసి, మిషన్ నడుస్తుందో లేదో మీ కళ్ళతో చూసుకోండి. కంప్రెసర్ మొదలయ్యే కుదుపుకి కొన్ని చిన్న ఇన్వర్టర్లు ట్రిప్ అవుతాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు వద్దు, గోడ ప్లగ్గులోనే పెట్టండి.

అసలు భరోసా మాత్రం సిలిండర్. 1500 లీటర్ల ఆక్సిజన్ ఉన్న సిలిండర్ 2 మీద పెడితే పన్నెండు గంటల పైన వస్తుంది. కరెంటు ఆఫీసులో కూడా డాక్టరు చీటీ ఇచ్చి ఓ మాట చెప్పి ఉంచండి. ఇంట్లో ప్రాణాధార మిషన్ ఉన్నవాళ్ళకు కొన్నిచోట్ల రాయితీ ఇస్తారు, కొన్నిచోట్ల కోత ముందే చెప్తారు. మీ దగ్గర ఏది ఉందో అడిగితేనే తెలుస్తుంది.

అడిగినవారు

రేపే వెళ్తాను. బిల్లు సంగతి చివరికి నాన్నకే తెలిసిపోయింది, నేను మీటర్ దగ్గర లెక్కపెట్టడం కిటికీలోంచి చూశారట. ఇప్పుడు ట్యూబ్ తీయగానే ‘ఆపావా’ అని ఆయనే అడుగుతున్నారు. ఎయిర్ బెడ్ స్విచ్ కూడా ఆపబోతే, దాని మీద ప్లాస్టర్ అంటించాను.